మెకానిక్ మావయ్యని అడగండి: కొట్టి నడిపే ఓడా, విప్పి చూసే ఓడా?

ఈ శీర్షికకి మామూలుగా వచ్చే ప్రశ్నలు వేరు. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లెప్పుడు పోయాలి, ఫ్యాను ఎందుకు నెమ్మదిగా తిరుగుతోంది, మిక్సీ ఎందుకు వాసనొస్తోంది. పోయిన నెల ఒక జవాబులో మాటవరసకి "స్టార్ ట్రెక్‌లో స్కాటీ లాంటి మెకానిక్ దొరకాలి" అని రాశాను. అంతే, ఈ నెల ఉత్తరాల్లో సగం దాని మీదే. ఫ్యాన్లవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. ఈలోగా కెపాసిటర్ మార్చి చూడండి, చాలావరకు అదే అయ్యుంటుంది.

ప్రశ్న: మావయ్యగారూ, మాది బొబ్బిలి. విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. మా అన్నయ్యది స్టార్ వార్స్ పార్టీ, నాది స్టార్ ట్రెక్. సంక్రాంతి సెలవుల్లో మొదలైన గొడవ ఇంకా తెగలేదు. "మీది ఆఫీసు మీటింగు, మాది యుద్ధం" అంటాడు. మీరు రెండూ చూశారని మీ రాతని బట్టి తెలుస్తోంది. రెండూ గొప్పవే అని తప్పించుకోకుండా ఒకటి చెప్పండి.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: స్టార్ ట్రెక్, అమ్మా. తప్పించుకోలేదు, మొదటి ముక్కలోనే చెప్పేశాను. కానీ మీ అన్నయ్య పేజీ తిప్పేయకుండా చూడు. ఆయనకి రావలసిన మార్కులు కూడా ఇందులోనే ఉన్నాయి.

ఈ రెండూ చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్టార్ ట్రెక్ అమెరికా టీవీ సీరియల్. జీన్ రాడెన్‌బెరీ అనే ఆయన సృష్టి. మొదటి భాగం 1966 సెప్టెంబరు 8న వచ్చింది. ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ, కెప్టెన్ కిర్క్, మొనదేలిన చెవుల స్పాక్, డాక్టర్ మెకాయ్, ఇంజినీరు స్కాటీ. కొత్త లోకాలకి వెళ్లి అక్కడ ఎవరున్నారో తెలుసుకోవడం వీళ్ల ఉద్యోగం. మూడేళ్లలో 79 భాగాలు వచ్చి ఆగిపోయింది. తర్వాత సినిమాలొచ్చాయి, 1987 నుంచి కొత్త కెప్టెన్లతో కొత్త సీరియళ్లొచ్చాయి. స్టార్ వార్స్ జార్జ్ లూకాస్ తీసిన సినిమా, 1977 మే 25న విడుదలైంది. ఒక దుష్ట సామ్రాజ్యం, దాని మీద తిరగబడ్డ గుప్పెడు మంది, ల్యూక్ అనే పల్లెటూరి కుర్రాడు, నల్ల ముసుగేసుకున్న డార్త్ వేడర్. దానికీ తర్వాత చాలా సినిమాలొచ్చాయి.

ఇప్పుడు నా కథ. ఇందులో ఒక నేరం కూడా ఉంది.

ఎనభైల నడుమ దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న స్టార్ ట్రెక్ వేసేవారు. అప్పటికి నేను శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక రేడియో షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి. మా ఇంట్లో టీవీ లేదు. షాపులో ఉన్న టీవీలన్నీ జనం రిపేరుకిచ్చినవే. బాగైన టీవీని ఇచ్చేయాలి, బాగవని టీవీలో బొమ్మ రాదు. నా కష్టం అర్థమైందనుకుంటాను.

ఒక బ్యాంకు ఉద్యోగిగారి నలుపు తెలుపు టీవీ వచ్చింది. చెక్క పెట్టె, ముందు జరిపే షట్టర్లు, బొమ్మ రోలింగ్ అవుతోందని కంప్లైంటు. శుక్రవారం సాయంత్రానికే చేసేశాను. వర్టికల్ దగ్గర ఒక రెసిస్టరు మార్చానంతే. శనివారం ఆయనొస్తే "విశాఖపట్నం నుంచి పార్టు రావాలండి, సోమవారం రండి" అన్నాను. ఆదివారం షాపుకి సెలవు, తాళం నా దగ్గరుండేది. నేనూ నా స్నేహితుడూ వెనక తలుపు తీసుకుని లోపలికెళ్లి, మేడ మీద వెదురు గెడకి కట్టిన యాంటెన్నాని వాడు తిప్పుతూ ఉంటే నేను కింద నుంచి "తిప్పు, తిప్పు, ఆపు!" అని అరుస్తూ, మొత్తానికి స్పాక్‌ని పట్టుకున్నాం. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. ఆ సోమవారం కూడా పార్టు రాలేదు.

నాలాంటివాడే ఒకడు ఆ ఓడలోనే ఉన్నాడని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. 1984లో వచ్చిన మూడో స్టార్ ట్రెక్ సినిమాలో కెప్టెన్ కిర్క్ స్కాటీని అడుగుతాడు, రిపేరుకి పట్టే టైము ఎప్పుడూ నాలుగింతలు చేసి చెబుతావా అని. చెప్పకపోతే అద్భుతాలు చేస్తాడన్న పేరు నాకెలా నిలుస్తుంది అంటాడు స్కాటీ. అది విన్నరోజు నా పాపం సగం కడుక్కుపోయినట్టయింది.

మిగతా సగం సంగతి కూడా చెప్పాలి. మూడో ఆదివారం షాపు వెనక తలుపు ఎవరో తట్టారు. తీస్తే ఆ బ్యాంకాయనే. లోపల ఆయన టీవీలో ఎంటర్‌ప్రైజ్ ఎగురుతోంది. నాకు నోట మాట లేదు. ఆయన నన్ను చూశారు, టీవీని చూశారు, స్టూలు లాక్కుని కూర్చున్నారు. అయిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. లేచి వెళ్తూ, "ఇంట్లో అయితే వీధి వీధంతా వచ్చి కూర్చుంటుందయ్యా, ఒక్క ముక్క వినబడి చావదు. పార్టు నెమ్మదిగా తెప్పించు" అన్నారు. నెలన్నర తెప్పించాను.

ఇదొక్కటే కారణమైతే నా తీర్పుకి విలువ లేదు. అసలు కారణం పనికి సంబంధించింది.

స్టార్ వార్స్ రెండో సినిమా 1980లో వచ్చింది. అందులో మంచు గ్రహం నుంచి పారిపోవాలి, శత్రువులు లోపలికొచ్చేస్తున్నారు, తిరుగుబాటువాళ్ల పక్షాన ఉన్న హాన్ సోలో అనే పైలట్ ఓడ స్టార్టవదు. అతను పిడికిలితో గోడ మీద ఒక్కటిస్తాడు, దీపాలు వెలుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను లేచి చప్పట్లు కొట్టాను. ఆ రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో ప్రతి ఇంట్లో టీవీ మీద ఒక దెబ్బ పడేది. పడితే బొమ్మ వచ్చేది కూడా. ఎందుకో చెప్తాను. బోర్డు మీద ఎక్కడో అతుకు సరిగ్గా పట్టదు, దాన్ని డ్రై సోల్డర్ అంటాం. వేడికి సాగి ఊడుతుంది, దెబ్బకి కదిలి తగులుకుంటుంది. గంటకో పూటకో మళ్లీ పోతుంది. మళ్లీ కొడతారు. చివరికి ఒకరోజు గట్టిగా కొడితే పిక్చర్ ట్యూబు మెడ విరుగుతుంది, అప్పుడు నా దగ్గరికి తెస్తారు. హాన్ సోలో ఓడా అంతే. ఆ సినిమా పొడుగునా దాని హైపర్‌డ్రైవ్, అంటే కాంతి కన్నా వేగంగా లాక్కుపోయే ఇంజను, మొరాయిస్తూనే ఉంటుంది. కథ చివర్లో ఆర్‌టూ అనే బుల్లి రోబో దాన్ని మళ్లీ ఆన్ చేసేదాకా హీరోలెవరికీ అది ఆపేసి ఉందని తెలియదు. స్విచ్చు చూడకుండా బండి విప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను.

స్టార్ ట్రెక్‌లో ముందు కంప్లైంటు ఏంటో కనుక్కుంటారు. 1967లో వచ్చిన ఒక భాగం ఉంది, పేరు "ద డెవిల్ ఇన్ ద డార్క్". ఒక గ్రహంలో గని. రాయిలాంటి ఒళ్లున్న జంతువేదో గని కార్మికులని చంపుతోంది. అందరూ దాన్ని చంపేయమంటారు. స్పాక్ దాని ఒంటి మీద చెయ్యి పెట్టి దాని మనసులోకి వెళ్తాడు. తేలిందేంటంటే, గని తవ్వుతూ వీళ్లు పగలగొట్టి పారేస్తున్న గుండ్రటి రాళ్లు దాని గుడ్లు. అది తల్లి. గుడ్ల జోలికి పోమని వీళ్లు మాటిస్తారు, సొరంగాలు తవ్వడంలో అది వీళ్లకి సాయం చేస్తుంది. ఆ మధ్య ఉద్దానం వైపు ఒక బంధువు ఇంటికి వెళ్లినప్పుడు జీడితోటలోకి ఎలుగుబంటి వచ్చిందని ఊరు ఊరంతా కర్రలతో పరుగెట్టింది. నేనూ పరుగెట్టాను, అబద్ధమెందుకు. అది మా వైపొచ్చిందా, మేం దాని వైపు పోయామా అన్న మాట రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు. తట్టినప్పుడు గుర్తొచ్చింది ఆ రాయి జంతువే.

ఇక మీ అన్నయ్య మార్కులు. చాలానే ఉన్నాయి.

ఒకటి, ఆ ఓడలు. ఎంటర్‌ప్రైజ్ నిన్న రిబ్బను కత్తిరించిన బ్యాంకు బ్రాంచిలా ఉంటుంది. స్టార్ వార్స్ ఓడలకి సొట్టలుంటాయి, మసి ఉంటుంది, నూనె కారుతున్నట్టుంటుంది. పల్లెవెలుగు బస్సు ఎక్కి పెరిగిన మనకి నమ్మకం కలిగేది ఆ ఓడ మీదే. వాడిన వస్తువు ఎలా ఉంటుందో లూకాస్‌కి తెలుసు.

రెండు, ఆ చప్పుళ్లు. వెలుగు కత్తి తిప్పితే వచ్చే గుంయ్‌మనే చప్పుడు వినగానే ఇది నాకు తెలిసిందేనే అనుకున్నాను. నిజంగానే తెలిసిందే. బెన్ బర్ట్ అనే సౌండ్ డిజైనర్ సినిమా ప్రొజెక్టరు మోటారు మోత తీసుకుని, షీల్డు తెగిన మైకు వైరు టీవీ పిక్చర్ ట్యూబు దగ్గరికెళ్తే పట్టే గరగర దానికి కలిపాడట. ఆ గరగర నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది. వేడర్ ఊపిరి, సముద్రంలో దిగేవాళ్లు నోట్లో పెట్టుకునే గాలి రెగ్యులేటరులోంచి రికార్డు చేసింది. సామ్రాజ్యం వాళ్ల చిన్న యుద్ధ విమానాల అరుపులో ఏనుగు ఘీంకారం ఉంది, తడి రోడ్డు మీద పోయే కారు చప్పుడు ఉంది. పార్వతీపురం వైపు పాఠకులకి ఏనుగు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మూడోది అసలైనది. తర్వాత్తర్వాత నేను పండగలకీ పెళ్లిళ్లకీ టీవీ, వీసీఆర్ అద్దెకి తిప్పేవాణ్ణి. నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో రెండు తెలుగు సినిమాలు అయ్యాక, తెల్లవారుజామున నా సరదాకి స్టార్ వార్స్ రెండో సినిమా పెట్టాను. సగం మంది చాపల మీదే నిద్రపోయారు. ఒక ముసలమ్మ మాత్రం కూర్చుని చూస్తోంది. జముకుల కథ తెల్లవార్లూ వినే అలవాటున్న మనిషి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. గుహలో ల్యూక్ నల్ల ముసుగువాడి తల నరికితే, ముసుగు పగిలి లోపల ల్యూక్ మొహమే కనబడుతుంది. అప్పుడు ఆవిడంది: "ఓరి గుంటడా, ఆ నల్లోడు ఈడికి బాబేరా." మా వైపు బాబు అంటే నాన్న. ఆ మాట సినిమాలో బయటపడేది చివర్లో, చెయ్యి తెగాక. ఎలా కనిపెట్టావమ్మా అంటే, "బభ్రువాహనుడు అర్జునుడితో కొట్టుకోలేదేటి?" అంది.

అలాంటి కథ చెప్పడం స్టార్ ట్రెక్‌కి రాదు. నేను ఎంత ఇష్టపడే భాగమైనా ఆ తెల్లవారుజామున పెట్టుంటే ఆవిడ కూడా నిద్రపోయేది.

అయినా ఆవిడ గుర్తొచ్చేది నాకు స్టార్ ట్రెక్‌లోనే. 1991లో వచ్చిన ఒక భాగం పేరు "డార్మోక్". 1987లో మొదలైన కొత్త సీరియల్లో కెప్టెన్ పికార్డ్. ఆయనకి ఒక జాతి తగులుతుంది. వాళ్ల ప్రతి మాటా అనువాద యంత్రం అనువదిస్తుంది, కానీ ఒక్కటీ అర్థం కాదు. ఎందుకంటే వాళ్లు తమ పురాణాల పేర్లతోనే మాట్లాడతారు. కలిసి పోరాడదాం అనడానికి "డార్మోక్, జలాద్, తనాగ్రా దగ్గర" అంటారు. ఎవరా డార్మోక్, ఏమిటా తనాగ్రా? కథ తెలిస్తే గానీ మాట తెలియదు. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఇది చూస్తూ పగలబడి నవ్వాను. మా అమ్మ భాష అదే కదా! పక్కింటాయన సైంధవుడిలా అడ్డుపడ్డాడు, మీ మామయ్యది శల్యసారథ్యం, ఆ ఉద్యోగం త్రిశంకు స్వర్గం, మీ నాన్నది కుంభకర్ణుడి నిద్ర. విజయనగరం వెళ్తే వీటికి తోడు గిరీశం ఒకడు. ఒక్క పేరు అంటే చాలు, మనిషి మొత్తం తెలిసిపోతాడు. ఆ పికార్డ్‌ని తీసుకొచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చోబెడితే పది నిమిషాల్లో చేతులెత్తేసేవాడు. భాషంటే ఏమిటో ఇంత బాగా చెప్పిన సైన్సు కథ నేను మరొకటి చూడలేదు. నా తీర్పుకి ఆఖరి సంతకం ఇదే.

"ఆఫీసు మీటింగు" అన్న మాట మాత్రం మీ అన్నయ్య సరిగ్గానే అన్నాడు. పికార్డ్ ఓడలో బల్ల చుట్టూ కూర్చోవడం కాస్త ఎక్కువే. కాకపోతే మా షాపులో బాగవని టీవీ ముందు మేం ముగ్గురు మెకానిక్‌లం నిలబడి, నువ్వేమంటావ్, నువ్వేమంటావ్ అని గంటలు గంటలు తగువులాడేవాళ్లం. నాకది యుద్ధం కన్నా టెన్షన్‌గానే ఉండేది.

ప్రశ్న: నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని. అంతరిక్షంలో గాలి లేదు, చప్పుడెక్కడిది? పైగా హాన్ సోలో తన ఓడ ఏదో దారిని పన్నెండు పార్సెక్కుల లోపే పోయిందని గొప్పలు చెబుతాడు. పార్సెక్ దూరమా, కాలమా? ఇలాంటివి పిల్లలకి చూపించవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, మీ మాట అక్షరాలా నిజం. పార్సెక్ దూరమే, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. శ్రీకాకుళం నుంచి టెక్కలికి యాభై కిలోమీటర్లలో పోయాను అని గొప్ప చెప్పుకున్నట్టుంది. 2018లో సోలో మీదే ఒక సినిమా తీసి, అది ప్రమాదమైన అడ్డదారిలో దూరం తగ్గించడం అని సర్దుకున్నారు. నలభై ఏళ్లు పట్టింది ఆ రిపేరుకి. చప్పుడు విషయంలో స్టార్ ట్రెక్ కూడా దొంగే. పాత సీరియల్ పేర్లు పడేటప్పుడు ఎంటర్‌ప్రైజ్ రయ్యిమంటూనే పోతుంది. పిల్లలకి చూపించండి. చూపించి ఆ తప్పులు వాళ్లచేతే పట్టించండి, మీ క్లాసు వాళ్లకి గుర్తుండిపోతుంది.

ప్రశ్న: వీటికి అంత ఖర్చు పెట్టారు కదా, మీలాంటి మెకానిక్‌కి అందులో నచ్చిన వస్తువేది?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఖర్చు పెట్టనివే నచ్చాయి. ల్యూక్‌కి అందే తండ్రి వెలుగు కత్తి పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్‌ది. డాక్టర్ మెకాయ్ ఆపరేషన్ పరికరాల్లో కొన్ని వింత ఆకారంలో ఉన్న ఉప్పు డబ్బాలు. ఒక భాగంలో ఉప్పు డబ్బాలు కావాలని కొన్నారట. చూసేవాళ్లు అవి ఉప్పు డబ్బాలని పోల్చుకోలేరని పక్కన పెట్టి, డాక్టరు చేతికిచ్చారు. మనుషుల్ని మాయం చేసి నేల మీద తేల్చే ట్రాన్స్‌పోర్టర్ కూడా అంతే. వారం వారం ఓడని నేల మీద దింపి చూపించడానికి డబ్బుల్లేక పుట్టింది. చేతిలో ఉన్న సామానుతో పని కానిచ్చేవాళ్లంటే నాకు ఎక్కడైనా గౌరవమే.

ప్రశ్న: వీటిలో మనవాళ్లెవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ఉన్నారు. 1965లో మిస్ ఇండియా అయిన బొంబాయి అమ్మాయి పర్సిస్ ఖంబాటా 1979లో వచ్చిన మొదటి స్టార్ ట్రెక్ సినిమాలో ఐలియా పాత్ర వేసింది. ఆ పాత్ర కోసం నున్నగా గుండు చేయించుకుంది. ఇంకొకాయన పేరుకి మనవాడు: ఖాన్ నూనియన్ సింగ్, 1967లో ఒక భాగంలోనూ 1982 సినిమాలోనూ విలన్. వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్‌బాన్. ఆ సినిమా చూడండి, వాళ్ల సినిమాల్లో నా లెక్కకి అన్నిటికన్నా మంచిది అదే.

ప్రశ్న: రెండూ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: స్టార్ వార్స్ అయితే విడుదలైన వరుసలో, 1977, 1980, 1983. తర్వాత తీసిన తండ్రి కథ సినిమాలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లిచ్చారు, ఆ నంబర్ల వరుసలో చూస్తే తండ్రి గుట్టు ముందే తెలిసిపోతుంది, నాగావళి ముసలమ్మకి దక్కిన ఆనందం మీకు దక్కదు. స్టార్ ట్రెక్ మొదటి నుంచి చూడక్కర్లేదు. పైన చెప్పిన రాయి జంతువు భాగం, డార్మోక్, ఆ రెండు చాలు. నచ్చకపోతే వదిలేయండి. 1987లో మొదలైన ఆ పికార్డ్ సీరియల్ మొదటి ఏడాది భాగాలు మాత్రం ముట్టుకోకండి, నాకే విసుగొచ్చింది.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. స్టార్ వార్స్ చూసి, కాలిపోయిన ట్యూబ్‌లైటు పట్టుకుని డాబా మీద కత్తియుద్ధం చేస్తున్నాడు. చెప్తే వినడం లేదు.
– ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ ట్యూబు లాక్కోండి. ఆ గాజు పల్చన, పగిలితే చెయ్యి కోస్తుంది. లోపల పాదరసం ఉంటుంది, గోడలకి తెల్ల పొడి ఉంటుంది, అది పీల్చకూడదు. పగిలిపోతే చీపురు పెట్టి దులపొద్దు. కిటికీలు తీసి, పిల్లాణ్ణి బయటికి పంపి, ముక్కలు అట్టతో ఎత్తి, తడి గుడ్డతో తుడిచేయండి. కత్తి కోసం ఎలక్ట్రికల్ షాపులో వైరింగు పీవీసీ పైపు ఒకటి కొని రెండు ముక్కలు కోయించండి. చివరలకి గుడ్డ చుట్టి టేపు వేయండి, పైన పండగ డెకరేషన్‌కి వాడే జిలుగు కాగితం అంటించండి. చప్పుడు వాళ్లు నోటితో చేసుకుంటారు. రంగు విషయంలో జాగ్రత్త. నేను తెలియక మా మనవడి పైపుకి ఎర్ర కాగితం చుట్టాను, అది విలన్ రంగు. పూటంతా ఏడ్చాడు. నీలం చుట్టండి.